రెండుసార్లు తోసిన రోడ్డు

ఆ చలికాలం నా చెవులు పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మా కౌంటీ రోడ్ల గ్యారేజీలో ఫోనూ రేడియో రెండూ చూసుకునేది నేనే. మంచు పడిందంటే చాలు, ఊళ్ళోవాళ్ళ కోపమంతా ముందు నా చెవిలోనే పడుతుంది. "మా రోడ్డుకి ఇంకా బండి రాలేదేం?" అని కేకలేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వాళ్ళు నాకు అలవాటే. కానీ ఆ ఏడు సరస్సు ఒడ్డు రోడ్డువాళ్ళు కొత్త పాట ఎత్తుకున్నారు. "వెర్నా, మీ బండి మళ్ళీ వచ్చింది! నడుం పడిపోయేలా వాకిలి తవ్వుకుని ఇప్పుడే లోపలికొచ్చాను, మళ్ళీ పూడ్చిపోయింది!"

మంచు లారీ ముందున్న పార రోడ్డు మీది మంచుని పక్కకి తోస్తుంది. ఆ పక్కన ఉండేవి జనం వాకిళ్ళే. ఒకసారి పూడిస్తే సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టినవాడెవడూ నోరెత్తడు. టోపీ పెట్టుకుని, కాస్త గొణుక్కుని తవ్వుకుంటాడు. అదే రోజు రెండోసారి పూడ్చావో, చర్చిలో పాటలు పాడే పెద్దమనిషి నోట కూడా బూతులు వస్తాయి. అవన్నీ నేను వినాలి.

ఆ రోడ్డు తోసే పని డార్లా కంగస్‌ది.

డార్లా అంటే మా గ్యారేజీకి ప్రాణం. అంత పెద్ద లారీని వెనక్కి నడిపి, రెండు బళ్ళ మధ్య సందులో ఒక్క ఊపులో పెట్టేసేది. పనిలో చేరిన కొత్తలో మగాళ్ళు ఎగతాళి చేశారు. ఈవిడ ఊరుకుంటేనా? ఒక్కొక్కడి నడకా మాటా అనుకరించి, వాళ్ళనే నవ్వించి, ఏడిపించి వదిలిపెట్టింది. శనివారం సౌనా అనే వేడి ఆవిరి గదిలో ఒళ్ళు కాచుకుని, బయటికొచ్చి మంచులో దొర్లి, ఊరంతా వినబడేలా కేకలు పెట్టేది. వేటకి వెళ్ళే రోజుల్లో అందరికీ కుంకుమపువ్వు బన్నులు చేసి తెచ్చేది. నలభై దగ్గర పడుతున్నా మనిషిలో ఆ హుషారు తగ్గలేదు. అలాంటి మనిషి పని గురించి ఫిర్యాదు వస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఏమే డార్లా, సరస్సు రోడ్డు మీద వజ్రాలేమైనా దొరుకుతున్నాయా? అన్నిసార్లు తిరుగుతున్నావు?" అని అడిగాను.

"సరస్సు గాలికి మంచు మళ్ళీ పేరుకుంటోంది వెర్నా" అంది.

సరేలే అనుకున్నాను. మా గాలి సంగతి నాకు తెలియనిదా? కానీ ఆకు కూడా కదలని రోజుల్లోనూ ఫోన్లు ఆగలేదు. దానికి తోడు రేడియోలో డార్లా ప్రశ్నలు మొదలయ్యాయి. "వెర్నా, స్కూలు మలుపు దగ్గర్నించి ఎవరైనా ఫోన్ చేశారా?" లేదే, ఏం అనేదాన్ని. "ఏం లేదు, ఊరికే." కాసేపటికి చేపల షెడ్డు దగ్గర్నించి ఎవరైనా చేశారా అని అడిగేది. ఇంకాసేపటికి మళ్ళీ స్కూలు మలుపే.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర పట్టుకున్నాను. చెప్తావా, చెవి మెలిపెట్టమంటావా అన్నాను. మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన పేస్టీని సగం తిని పక్కన పెట్టేసింది. అప్పుడే అనుకున్నాను, ఇదేదో పెద్ద విషయమేనని. డార్లా పేస్టీ వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"బండికి కింద ఏదో తగులుతుంది వెర్నా. గడ్డకట్టిన మంచే, నాకు తెలుసు. తెలిసినా, మనిషేమో అనిపిస్తుంది. చిన్నపిల్లేమో అనిపిస్తుంది. వెనక్కెళ్ళి చూసేదాకా ఊపిరాడదు. చూస్తాను, ఎవరూ ఉండరు. హమ్మయ్య అనుకుంటాను. నాలుగు ఇళ్ళు దాటానో లేదో, సరిగ్గా చూశానా, మంచు కింద ఉండిపోయారేమో అని మళ్ళీ మొదలవుతుంది."

"మరి ఆ పార దించి తోయడం ఎందుకే?"

"పార ఎత్తి ఊరికే తిరిగితే, ఏం వెతుకుతోంది ఈవిడ అనుకుంటారుగా. తోస్తూ వెళ్తే పని చేస్తున్నట్టుంటుంది" అంది.

అదీ సంగతి! ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళు రెండోసారి పూడ్చింది గాలీ కాదు, బద్ధకమూ కాదు. ఆ పిల్ల భయాన్ని ఎవరికీ కనబడకుండా పార కింద దాచుకుంటోంది.

"ఓస్, ఇంతేనా! ఇకమీదట అనుమానం రాగానే నన్నడుగు. ఎవరూ లేరు, ఏమీ కాలేదు, పద అని నేను చెప్తాగా" అన్నాను. చెప్పాను కూడా. అడిగినప్పుడల్లా చెప్పాను. ఎంత మంచిదాన్నో నేను అని లోపల మురిసిపోయాను కూడా. తీరా చూస్తే ఆ అడగడం తగ్గేదిపోయి పెరిగింది. ఒకే మలుపు గురించి వెంటవెంటనే అడిగేది. నేను లేదంటే, "నువ్వు ఫోన్ సరిగ్గా విన్నావా?" అనేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సరస్సు రోడ్డు చివర నీమెలా అనే ఆవిడ ఉంది. వారానికి మూడుసార్లు ఆవిడ డయాలిసిస్‌కి వెళ్ళాలి. ఒకరోజు ఆవిడని తీసుకెళ్ళే వ్యాను రోడ్డు మొదట్లోనే ఆగిపోయింది. ముందు తోయాల్సిన లారీ వెనక్కెళ్ళిపోయింది మరి. ఆ సాయంత్రం మా ఫోర్‌మన్ రోజర్ లాంపి డార్లాని గదిలోకి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి, నాకూ వినబడింది.

"నీలాంటి డ్రైవరు నాకు ఇంకొకరు దొరకరు. అయినా ముఖం మీదే చెప్తున్నా" అన్నాడు. "ఈ చలికాలం అయ్యేలోపు సరస్సు రోడ్డు ఒక్క తోపులో, వేళకి తెరవాలి. లేదంటే నిన్ను రోడ్డు బోర్డులు రాసే షెడ్డులో వేస్తాను. రంగులేసుకుంటూ కూర్చుందువుగాని."

"నాకు లారీ తప్ప ఇంకేం వచ్చు రోజర్?"

"అందుకే ఈ నెంబరుకి ఫోన్ చెయ్యమంటున్నా. పక్క ఊళ్ళో థెరపిస్టు. మన ఇన్సూరెన్సులో ఉందిట."

"నాకేం పిచ్చి పట్టిందా?"

"బ్రేకు పట్టేస్తే మెకానిక్ దగ్గరకి తీసుకెళ్తాం. లారీకి పిచ్చి పట్టిందంటామా?" అన్నాడు రోజర్. ఆ మనిషి నోట మంచిమాట రావడం అరుదు. వస్తే మాత్రం ఇలాగే గ్రీజు పూసుకుని వస్తుంది.

థెరపిస్టు పేరు మిస్ పెన్‌హేల్. చెప్పుల కొట్టు మీద మేడలో ఆవిడ ఆఫీసు. మొదటిరోజు వెళ్ళొచ్చి డార్లా తెగ నిరాశపడింది. "మా అమ్మ గురించి ఒక్క ముక్క అడగలేదు వెర్నా! దారి పొడుగునా అన్నీ తయారుచేసుకుని వెళ్ళాను. వెనక్కెళ్ళి చూస్తే భయం తగ్గుతుందా అంది. తగ్గుతుందన్నాను. ఎంతసేపు అంది. నాలుగిళ్ళు దాటేదాకా అన్నాను."

దానికో పేరుందిట, ఓసీడీ అని. "అదేంటే, అది చేతులు తెగ కడుక్కునేవాళ్ళకి వచ్చేది కదా?" అన్నాను. "వాళ్ళు చేతులు కడుగుతారు, నేను రోడ్డు కడుగుతున్నా" అంది డార్లా. చాన్నాళ్ళకి దాని నోట జోకు విన్నాను. ఆ ఒక్క జోకుకే మిస్ పెన్‌హేల్ మీద నాకు కాస్త గౌరవం పుట్టింది.

ఆ గౌరవం ఎన్నో రోజులు నిలవలేదు. ఆవిడ డార్లా చేత చేయించే పనులు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. సరుకుల కొట్టు ముందు జనం అటూ ఇటూ నడుస్తుంటే, డార్లా తన పికప్ నడుపుతూ గడ్డకట్టిన మంచుదిబ్బలు ఎక్కించి దింపాలి. అద్దంలో అందరు డ్రైవర్లూ చూసినట్టే ఒకసారి చూడాలి. ఎవరైనా కనబడితే ఆపాలి, లేకపోతే సాగిపోవాలి. మళ్ళీ చుట్టు తిరిగొచ్చి చూడకూడదు. పైగా "కొట్టానేమో, కొట్టలేదేమో" అని పైకి అనుకుంటూ ఇంటికి పోవాలి. అలాంటి చలిలో చెమటలు కక్కుతూ స్టీరింగు పట్టుకుని కూర్చునేదిట.

"ఇది వైద్యమా, కక్షా?" అన్నాను.

"భయం పెరుగుతుంది వెర్నా, చచ్చిపోతానేమో అన్నంత పెరుగుతుంది. కానీ విను, నేనేమీ చెయ్యకుండా కూర్చుంటే దానంతటదే దిగింది!" అంది డార్లా. దాని కళ్ళు వెలిగిపోతున్నాయి. "ఇన్నాళ్ళూ వెనక్కెళ్ళి చూడటం వల్లే తగ్గుతోందనుకున్నా. చూడకుండా కూడా దిగుతుందని నాకెవరు చెప్పారు?"

తర్వాత నా వంతు వచ్చింది. మిస్ పెన్‌హేల్ నన్ను రమ్మంది. నేను మంచి కోటు వేసుకుని వెళ్ళాను, నాలుగు దులపాలనే వెళ్ళాను. ఆవిడ సన్నగా, చిన్నగా ఉంది, బూట్ల నిండా మంచు. వాకిలి తవ్వుకుని వచ్చిందని చూడగానే తెలిసింది. ఎదురుగా కూర్చోబెట్టి, "డార్లా అడిగినప్పుడు ఇక మీరు ఏమీ కాలేదని చెప్పకూడదు" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏమ్మా, ఆ పిల్ల అక్కడ గిలగిల్లాడుతుంటే నేను ఒక్క మంచిమాట అనకూడదా? అది పాపం కాదూ?"

"మీ మాట ఎంతసేపు పనిచేస్తోందండీ?"

తర్వాతి మలుపు దాకా. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

"ఇక్కడికి కారులో వచ్చారుగా. దారిలో ఎవరినీ గుద్దలేదని మీకు తెలుసా?" అంది.

"తెలుసు!"

"ఎలా తెలుసు?"

దారంతా గుర్తుచేసుకున్నాను. అద్దంలో చూశానా? ప్రతి కుదుపుకీ చూడలేదు. కిటికీలోంచి చూశానా? అదీ లేదు. చివరికి, "తెలియదనుకో! నేను పట్టించుకోలేదు" అన్నాను విసురుగా.

"డార్లా నేర్చుకుంటున్నది అదే" అంది ఆవిడ. "ఆలోచన వచ్చినంత మాత్రాన అది వార్త కాదు. వచ్చిన ప్రతి ఆలోచనకీ హామీపత్రం కావాలని ఆమె మనసు అడుగుతోంది. ఆ పత్రం మీరు ఇచ్చినకొద్దీ ఇంకోటి అడుగుతుంది. మీరు మంచివారు కాబట్టే ఈ పని మీకు కష్టం."

పొగిడితే కరిగిపోయే రకాన్ని కాను నేను. కానీ ఇంటికి వస్తూ ఆలోచిస్తే, ఆవిడ మాటలో పట్టుకుని పోట్లాడేందుకు నాకొక్క పీచు కూడా దొరకలేదు. పోట్లాడటానికి ఏమీ దొరకకపోతే నాకు ఎంత చిరాకో మా ఆయన్ని అడగండి.

ఇక చూడండి మా అవస్థ. డార్లా అడగడం, నేను చెప్పకపోవడం. "దానికి జవాబు నా దగ్గర లేదు డార్లా" అనాలి, అంతే. ఆ మాట డార్లాయే ఎంచుకుంది. అయినా తన మనసే తనని పక్కదారి పట్టించేది. "వెర్నా, ఇవాళ ఫోన్లు ఎక్కువగా ఉన్నాయా?" అని అమాయకంగా అడిగేది. "నీ పప్పులు నా దగ్గర ఉడకవమ్మాయ్!" అనేదాన్ని. ఒకసారి కోపంతో రేడియో కట్టేసింది. ఒకసారి ఏడ్చింది. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఇదంతా నడుస్తుండగా మెల్లమెల్లగా సరస్సు రోడ్డు ఫోన్లు తగ్గడం మొదలైంది. అయితే ఒక్క తోపులో రోడ్డంతా తెరిచిన రోజు మాత్రం ఇంకా రాలేదు. స్కూలు మలుపు దగ్గరో, చేపల షెడ్డు దగ్గరో ఏదో ఒకచోట వెనక్కి లాగేసేది. రోజర్ ఏమీ అనేవాడు కాదు. క్యాలెండరు వైపు చూసేవాడు, అది చాలదూ?

మార్చిలో పెద్ద తుపాను వచ్చింది. పట్టపగలే ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కనబడలేదు. బళ్ళన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. ఆ రోజు నీమెలా గారికి డయాలిసిస్ ఉంది. అప్పటికే తుపాను వల్ల ఒక రోజు తప్పింది, ఇంకో రోజు తప్పితే ఆసుపత్రిలో పడాల్సిందే. వ్యాను డార్లా లారీ వెనకాలే వెళ్తోంది. డార్లా వెనక్కి తిరిగిందంటే వ్యాను కూడా మంచులో కూరుకుపోతుంది. రోజర్ నా బల్ల పక్కన నిలబడి కాఫీ చల్లారబెట్టుకుంటున్నాడు.

అప్పుడు రేడియో గరగరలాడింది. "వెర్నా." ఆ ఒక్క పిలుపుతోనే తెలిసిపోయింది నాకు. "పాత చర్చి దాటాక ఏదో తగిలింది. గట్టిగా తగిలింది."

"విన్నాను డార్లా."

"అద్దంలో చూశాను. ఏమీ కనబడలేదు. తెల్లగా ఉంది అంతా." దాని ఊపిరి నాకు వినబడుతోంది. "ఎవరైనా ఫోన్ చేశారా?"

ఒక్క మాట. "లేదమ్మా" అంటే చాలు. నిజంగానే ఎవరూ చెయ్యలేదు! అబద్ధం కూడా కాదు! నా నాలుక చివర్నే ఉంది. రోజర్ నా వైపు చూశాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"దానికి జవాబు నా దగ్గర లేదు డార్లా."

అదే ఛానల్లో మిగతా డ్రైవర్లు కూడా వింటున్నారు. క్లిఫర్డ్ అని ఒకడున్నాడు, వాడి మనసు వెన్న, బుర్ర కూడా వెన్నే. "ఏయ్ డార్లా, అది మంచుగడ్డే అయ్యుంటుందిలే..." అని అందుకున్నాడు.

"నోరు మూసుకో క్లిఫర్డ్!" అని ఒక్క అరుపు అరిచాను. గ్యారేజీ రేకులు కదిలాయనుకోండి. పాపం వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే తీరిక నాకు లేదు.

తర్వాత రేడియోలో చప్పుడు లేదు. ఎవరూ మాట్లాడలేదు. లారీ ఆగిందో, తిరిగిందో, వ్యాను ఏమైందో మాకు తెలియదు. రోజర్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, అక్కడేమైనా కనబడేట్టు. నేను లోపల ఆ పిల్లని తిట్టాను, మిస్ పెన్‌హేల్‌ని తిట్టాను, మంచుని తిట్టాను.

"వెర్నా." డార్లాయే. "కొట్టానేమో. కొట్టలేదేమో. నేను ముందుకే పోతున్నా."

"పో తల్లీ" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అనుమతి ఉందో లేదో. అనేశాను.

చివరికి "సరస్సు రోడ్డు తెరిచాం, వ్యాను నీమెలా గారి వాకిట్లో ఉంది" అని కబురొచ్చింది. రోజర్ టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. నేను ఏడుస్తూ నవ్వాను, ముక్కు చీదుకోవడానికి కాగితం కూడా దొరకలేదు.

మా సంబరం ఇంకా చల్లారకముందే ఫోన్ మోగింది. ఓర్విల్ బుషే, పాత చర్చి అవతల ఉండే ముసలాయన. "మీ బండి రోడ్డు పక్కనున్న నా పోస్టు డబ్బాని ఎగరగొట్టింది. స్తంభంతో సహా కందకంలో పడుంది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చెప్పాను. "డార్లాకి చెప్పొద్దు. ఇన్నాళ్ళకి ఒక్కసారి వెనక్కి చూడకుండా పోతే, అప్పుడే నిజంగా తగలాలా? ఇది వింటే మళ్ళీ మొదటికొస్తుంది. డబ్బా మనమే పాతేద్దాం" అన్నాడు రోజర్. అప్పుడే లోపలికొచ్చిన క్లిఫర్డ్ కూడా తల ఊపాడు. నాకూ చెప్పాలనిపించలేదు, నిజం చెప్తున్నా. కానీ ఆలోచించాను. దాచిపెడితే, డార్లా నిజం తట్టుకోలేదని మేమందరం కలిసి తీర్మానించినట్టే. భయం దాని చెవిలో ఇన్నాళ్ళూ ఊదిన మాట అదేగా!

"నేను చెప్తాను. మీరంతా అడ్డం లేవండి" అన్నాను.

డార్లా లోపలికొచ్చింది. టోపీ మీద మంచు, ముక్కు ఎర్రగా ఉంది, ముఖంలో ఇంత వెలుగు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగాక నేను తిన్నగా చెప్పేశాను. "డార్లా, పాత చర్చి దాటాక తగిలింది ఓర్విల్ పోస్టు డబ్బా."

వెలుగు పోయింది. కాఫీ కోసం తీసిన కప్పు బల్ల మీద పెట్టింది. "అంటే నిజంగానే తగిలిందన్నమాట" అంది.

"నిజంగానే."

ఆ తర్వాత దాని కళ్ళలో ఆ ప్రశ్న రావడం నేను చూశాను. డబ్బా ఒక్కటేనా? కందకంలోకి దిగి ఎవరైనా బాగా చూశారా? డబ్బా పక్కన ఎవరూ లేరని ఎవరికి తెలుసు? పెదవులు కదిలాయి. నా దగ్గర జవాబు లేకపోలేదు. ఓర్విల్ స్వయంగా కందకం దాకా వెళ్ళి చూసొచ్చాడు, నాకు చెప్పాడు. ఆ జవాబు బయటపడకుండా నేను పెదవి కొరుక్కున్నాను. క్లిఫర్డ్ పళ్ళు బిగబట్టుకుని పైకప్పు చూస్తున్నాడు.

డార్లా నోరు మూసుకుంది. ముక్కుతో ఒకసారి పొడుగ్గా ఊపిరి వదిలింది. తర్వాత నా ముఖంలోకి చూసింది, బాగా చూసింది.

"నాకంటే నీకే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది వెర్నా" అంది.

"ఉందే తల్లీ" అన్నాను.

అది నవ్వింది. మంచులో దొర్లినప్పుడు నవ్వే నవ్వు. ఆ నవ్వు వినక ఎన్నాళ్ళయిందో! కప్పు నిండా కాఫీ పోసుకుని, చేతి తొడుగులు లాక్కుని, బయట ఇంకా మంచు పడుతోందని చెప్పి లారీ ఎక్కింది.